నాన్న మీద అమ్మ రాసిన వార్త

మా నాన్న ఉద్యోగం మానేసిన సంగతి ఇంట్లో మొదట తెలిసింది నాకే. ఇరవై రెండేళ్లు దినపత్రికలో పనిచేసిన మనిషి కదా, చెప్పే ముందు తలుపు వేశాడు, కిటికీ వేశాడు, ఫ్యాను వేగం పెంచాడు.

"ఇది నీ నోట బయటికి రాకూడదు తల్లీ."

నేను తలూపాను. నాకు మాటలు ఎలాగూ తక్కువ. ఆ లోపం ఒక అర్హతగా మారడం అదే మొదటిసారి.

జరిగింది ఇది. ఒక బడి పైకప్పు కాగితం మీద మూడుసార్లు బాగుపడిందనీ, నిజానికి ఒక్కసారైనా ఎవరూ నిచ్చెన వేయలేదనీ నాన్న వార్త రాశాడు. మర్నాడు పేపర్లో ఆ వార్త రావలసిన చోట ఆ పైకప్పు కాంట్రాక్టరుకే పుట్టినరోజు శుభాకాంక్షల ప్రకటన వచ్చింది. నాన్న ఆ ముక్క చింపి జేబులో పెట్టుకుని, రాజీనామా ఇచ్చి వచ్చేశాడు.

ఆయన వెనకే ఇంకో ఇద్దరు. ఒకరు ఫొటోగ్రాఫరు, ఆయన ఫొటోలు చూసినవాళ్లంతా మసకబాబాయి అంటారు. రెండో ఆయన ప్రూఫులు దిద్దే కామాగారు. మాట్లాడటం మొదలుపెడితే ఆగరు, ఊపిరి కోసం కాస్త విరామమిస్తారంతే.

ముగ్గురూ వడ్రంగి దుకాణం మీది గదిలో నిజాలు తవ్వితీసే పత్రిక మొదలుపెట్టారు. ప్రకటనలుండవు, యజమాని ఉండడు, లాభం ఉండదు. చదివేవాళ్లు ఇచ్చే విరాళాలతో నడుస్తుంది. ఇది చెబుతుంటే నాన్న కళ్లు మెరిశాయి. నాకు ఒళ్లు గగుర్పొడిచింది. రోజూ కళ్లజోడు ఎక్కడుందని నన్ను అడిగే మనిషి ఈయనేనా అనిపించింది.

"మరి అమ్మకు?" అన్నాను.

"మొదటి సంచిక చేతిలో పెట్టి చెబుతాను. అప్పుడు వద్దనలేదు. ఇప్పుడే చెబితే పత్రిక పుట్టకముందే మూతపడుతుంది."

అప్పటినుంచి ఎప్పటిలాగే తొమ్మిదింటికి క్యారియరు పట్టుకుని బయల్దేరేవాడు. సాయంత్రం నన్ను కూర్చోబెట్టి పాఠం చెప్పేవాడు. ఒక సంగతి ఇద్దరు చెప్పాలి. దానికి కాగితం తోడుండాలి. ఎవరి మీద రాస్తున్నామో వాళ్ల వివరణ అడిగి వేయాలి. ఇవి లేకపోతే అది పుకారు.

పక్క గదిలో అమ్మ బట్టలు కుడుతూ ఉండేది. మిషను ఆగి ఆగి తిరుగుతోందని మేమిద్దరం గమనించలేదు.

ఒకరోజు భోజనాల దగ్గర అమ్మ అడిగింది.

"ఏవండీ, మీ ఆఫీసులో ఏసీ పాడైందా?"

"లేదే, ఏం?"

"చొక్కా వీపంతా చెమట మరకలుంటేనూ."

"ఈమధ్య బయట తిరుగుడు ఎక్కువైంది."

"కాలరులో రంపపు పొట్టు కూడా ఉంటోంది."

"బల్లలు బాగుచేయిస్తున్నారు."

"మూడు వారాల నుంచా?"

"పెద్ద ఆఫీసు కదా."

"అవును లెండి, పెద్ద ఆఫీసు," అని అమ్మ ఆయనకు ఇంకొంచెం కూర వేసింది.

బాగా నమ్మించానన్నట్టు నాన్న నాకేసి కన్నుగీటాడు.

ఆ శనివారం మధ్యాహ్నం అమ్మ కొలతల పుస్తకంలోంచి ఒక కాగితం చింపి ఆయన ముందు పెట్టింది. పైన శీర్షిక ఉంది: 'ఉద్యోగం మానేసి ఉద్యోగానికి వెళుతున్న భర్త.'

కింద వార్త. తమ దుకాణం మీది గదిని ముగ్గురు పత్రికవాళ్లు అద్దెకు తీసుకున్నారని, కిటికీ పరదాలు కుట్టించుకోవడానికి వచ్చిన వడ్రంగి భార్య చెప్పింది. పాత ఆఫీసు గుమాస్తా ఫోనులో అదే చెప్పాడు. గుర్తింపు కార్డు తిరిగి ఇవ్వమని వాళ్లు పంపిన ఉత్తరం జతచేయబడింది. పద్దెనిమిది రోజులుగా క్యారియరులో ముగ్గురికి సరిపడా భోజనం వెళుతోంది, ఖాళీగా తిరిగి వస్తోంది. ఎందుకింత పెడుతున్నావని సంబంధిత వ్యక్తి ఒక్కసారీ అడగలేదు.

అట్టడుగున 'వివరణ' అని రాసి, నాలుగు వేళ్ల మేర ఖాళీ వదిలింది.

"ఆరింటిదాకా గడువు," అంది అమ్మ. "తర్వాత మీ అమ్మగారికి ఫోన్లో చదివి వినిపిస్తాను."

నాన్న రెండుసార్లు చదివాడు. మొదటిసారి ముద్దాయిలా, రెండోసారి విలేకరిలా.

"ఒక్క విశేషణం లేదు," అన్నాడు నెమ్మదిగా. తర్వాత నావైపు తిరిగాడు. "నువ్వేమైనా..."

"దాన్నెందుకు అంటారు? నేను దాన్ని ఒక్క ప్రశ్నా అడగలేదు," అంది అమ్మ. "అడిగితే అది అబద్ధమాడాలి. పిల్లచేత అబద్ధమాడించి నిజం రాబట్టడం నాకు చేతకాదు."

మూడు వారాలుగా నేను ఆశ్చర్యపోతూ చూస్తున్నది తప్పు మనిషినని అప్పుడు తెలిసింది.

నాన్న మూడు పేజీల వివరణ రాసి తెచ్చాడు. అమ్మ కత్తెర తీసింది.

"ఇదేంటి?"

"కొలత నాలుగు వేళ్లు. మీది బారెడుంది." మొదటి పేజీ కోసేసింది. "ఇది ఉపన్యాసం." రెండోది కూడా కోసింది. "ఇది మీ ఎడిటరుగారి మీద తిట్లు. ఆయన వివరణ మీరు తీసుకోలేదు."

మూడో పేజీలో చివరి వరుస మాత్రం మిగిలింది: 'చెబితే నువ్వు వద్దంటావని భయపడ్డాను.'

అమ్మ దాన్ని ఖాళీలో అంటించింది. సరిగ్గా పట్టింది.

"మరి... వద్దంటావా?" అన్నాడు నాన్న. పెళ్లిచూపుల్లో కూడా ఆయన అంత మెల్లగా అడిగి ఉండడు.

"వార్తలో నా అభిప్రాయం ఉండకూడదండీ."

"ఇంకెక్కడ చెబుతావే?"

"అభిప్రాయాలు సంపాదకీయంలో రాస్తారు. మీ పత్రికకు సంపాదకులెవరు?"

"ముగ్గురమూ అనుకుంటున్నాం."

"అంటే ఎవరూ లేరన్నమాట." అమ్మ కత్తెర లోపల పెట్టింది. "లాభం రాని పని మీరు ఇరవై రెండేళ్లుగా చేస్తున్నదేగా, ఇప్పుడు రిజిస్టరు చేయించారు. ఇల్లు ఇన్నాళ్లూ నా మిషను మీద నడిచింది, ఇకమీదటా నడుస్తుంది. మీ పత్రిక నడుస్తుందా అన్నదే నా అనుమానం. రేపు వచ్చి చూస్తాను."

ఆదివారం ఆ గదిలో ఉన్న ఒకే ఒక్క చేతుల కుర్చీలో అమ్మ కూర్చుని బడి పైకప్పు వార్త చదివింది. ముగ్గురూ ఎదురుగా నిలబడ్డారు. నేను గుమ్మం దగ్గర ఉన్నాను.

"ఇది చెప్పిందెవరు?"

"బడి కాపలాదారు," అన్నాడు నాన్న.

"రెండో మనిషి?"

మసకబాబాయి కెమెరా తుడుచుకున్నాడు.

"కాంట్రాక్టరు వివరణ ఏదీ?"

కామాగారు నోరు తెరవలేదు.

"వాడు మనకెందుకు చెబుతాడని..." అన్నాడు నాన్న.

"అడిగారా?"

నాన్న నోటుపుస్తకం తీసుకుని చెప్పులేసుకున్నాడు. సంపాదకులెవరన్నది ఇంకా ఎవరూ తేల్చలేదు. ఆయన మాత్రం గడప దాటబోతూ ఆగి, కుర్చీవైపు తిరిగి, "వెళ్లొస్తానండీ," అన్నాడు.

నాన్న అమ్మను 'అండీ' అనగా నేను వినడం అదే మొదలు.