గడ్డకట్టిన గందరగోళం

ఆ ఉదయం ఒడిల్ పెట్టుకున్న పని ఒక్కటే. స్వీడన్ నుంచి వస్తున్న ప్రొఫెసర్ హాల్‌గ్రెన్‌కు తన స్ఫటికాన్ని చూపించాలి. ఆయన మెచ్చితే ఫ్రాన్సులోని లీల్ నగరపు ప్రయోగశాలలో ఆమె ఉద్యోగం నిలుస్తుంది. లేకపోతే మూటాముల్లె సర్దుకోవడమే.

ఆ స్ఫటికంలో అణువులు బడిపిల్లల్లా వరసల్లోనే నిలబడతాయి గానీ తలో దిక్కూ చూస్తుంటాయి. మంచుకన్నా ఎన్నో రెట్లు చల్లనైన ద్రవ నత్రజనిలో ఒక్కసారిగా ముంచితే అలా చూస్తూనే గాజులా బిగుసుకుపోతాయి. కాస్త వెచ్చబడ్డాయంటే మెడలు తిప్పడం మొదలు. నానా తంటాలూ పడి ఒడిల్ ఆ గందరగోళాన్ని చెదరకుండా ఫ్లాస్కులో పట్టి ఉంచింది.

స్టేషనుకు బయల్దేరుతూ సహోద్యోగికి ఫోన్ చేసి, "లోపలంతా గందరగోళంగానే ఉంది, నేనొచ్చేదాకా జాగ్రత్త" అంది. ఆ మాటలో మొదటి సగం ఆఫీసు వ్యవహారాలు చూసే మదాం వానూట్ చెవిన పడింది. అతిథి వచ్చే రోజున గది గందరగోళమా? ఆవిడ చీపుళ్లతో మనుషుల్ని దింపింది. బల్లలు తుడిపించింది. ఫ్లాస్కును నడవాలో పెట్టించి, జిడ్డోడుతున్న దాని మూతను కడగడానికి పంపింది. మూత లేని ఫ్లాస్కులోంచి తెల్లటి పొగమంచు మెట్ల మీదికి పాకింది. పైనుంచి దిగుతున్న మనిషెవరో నిప్పంటుకుందనుకుని గంట నొక్కాడు.

ఒడిల్ అతిథితో వచ్చేసరికి భవనంలోని వాళ్లంతా వానలో నిలబడి ఉన్నారు, గేటు దగ్గర అగ్నిమాపక శకటం.

"మదాం, నా ఫ్లాస్కేదీ?"

"నడవాలో ఉందమ్మాయ్. లోపలంతా గందరగోళమని నువ్వేగా అన్నావు?"

"గదిలో కాదండీ, స్ఫటికంలో."

"ఆ ముక్క చెప్పొద్దూ? నాకేమన్నా కలొస్తుందా?"

అగ్నిమాపకులు గదులన్నీ గాలించేదాకా ఎవర్నీ లోపలికి పోనివ్వలేదు. ఒడిల్‌కు ఏడవడానికి కూడా ఓపిక లేకపోయింది. చివరికి చూస్తే నత్రజని అంతా ఆవిరైపోయి, ఫ్లాస్కు అడుగున చుక్క లేదు. అయినా చూడాల్సిందేనని హాల్‌గ్రెన్ పట్టుబట్టాడు గనక, పరువు పోతే పోయిందని స్ఫటికాన్ని ఎక్స్‌రేల కింద పెట్టింది.

హాల్‌గ్రెన్ తెర వైపు వంగి కళ్లజోడు సర్దుకున్నాడు.

"పాడైపోయిందండీ," అంది ఒడిల్.

"పాడవడమేంటమ్మా? అణువులన్నీ ఒకే వైపు తిరిగాయి. ఈ అమరిక కోసం ఏళ్ల తరబడి తల బాదుకుంటున్నా. ఇంత నిదానంగా ఎలా వెచ్చబెట్టావు?"

ఒడిల్ జరిగింది జరిగినట్టు చెప్పేసింది. ఆమె ఉద్యోగం ఖాయమన్నాడాయన, కాకపోతే మర్నాడు అంతా అచ్చం అలాగే మళ్లీ చేసి చూపాలన్నాడు. మదాం వానూట్ సంతోషంగా ఒప్పుకుంది. అగ్నిమాపక దళం వారే కుదరదన్నారు.