చేతికందిన బ్రేకు

ఆ గురువారం ఉదయం కామాగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య మొక్కలకు నీళ్ళు పెట్టి వచ్చేసరికి కాఫీ కలిపి ఉంచడం, ఆవిడ తాగుతుండగా కుడిచెయ్యి కాగితం మీద పెట్టించి చుట్టూ పెన్సిలుతో గీత గీయడం, ప్రెస్సుకు వెళ్తూ దారిలో ఆ కాగితం బామ్మర్ది షెడ్డులో పడెయ్యడం. పది నిమిషాల పని.

ఆయన ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతారు. ఏ వాక్యమైనా సగంలో ఆపి, ఆలోచించి, మళ్ళీ అందుకునే అలవాటుంది కనక వీధి ఆయనకు ఆ పేరు ఖాయం చేసింది. ఇంటి పక్క ఖాళీ స్థలంలో భార్య మొక్కల నర్సరీ నడుపుతుంది. వెనక తొట్టి బిగించిన మూడు చక్రాల మోటారుసైకిలు మీద కుండీలు వేసుకుని ఊరంతా తిరిగేది ఆవిడే. కామాగారికి సైకిలు కూడా రాదు.

మూడు నెలల కిందట ఆవిడ మెట్ల మీద జారిపడింది. కుడి మోకాలు అప్పటినుంచీ మొరాయిస్తోంది. బండి బ్రేకు సరిగ్గా ఆ కాలి కిందే ఉంది. “నొప్పిగా ఉందా?” అంటే, “నా మోకాలికేం, గుండ్రాయి” అనేది. ఆయన కొనిచ్చిన చేతికర్ర గులాబీ మొక్కకు ఊతంగా నిలబడి ఉంది. పోయిన వారం మలుపు దగ్గర ఆవిడ ఎడమచేత్తో మోకాలిని కిందికి అదిమి బ్రేకు వెయ్యడం వెనక సీటు మీంచి ఆయన చూశారు. బండి చెప్పుల దుకాణం అద్దానికి జానెడు దూరంలో ఆగింది. ఇంటికొచ్చాక ఆవిడ బండిని చాలాసేపు తుడిచి, మొక్కతో చెప్పినట్టుగా, “ఎవరైనా మంచివాళ్ళు అడిగితే ఇచ్చేద్దాం లెండి” అంది. పదేళ్ళుగా తాళంచెవి ఇంకొకరి చేతికి ఇవ్వని మనిషి. ఆ మాట విన్నాక కామాగారికి అన్నం సహించలేదు.

మర్నాడే మెకానిక్ బామ్మర్ది దగ్గరికి పరుగెత్తారు.

“దానికేం బావా, మూడు చక్రాల బ్రేకూ ఒక్క చేతి లివరుకే కలిపేస్తా. గేరు ఎలాగూ చేతిదే, ఇక కాలితో పనే ఉండదు. కాకపోతే లివరు అక్క వేళ్ళకి అతికినట్టుండాలి. దూరమైతే అందదు, దగ్గరైతే వేళ్ళు నలుగుతాయి. చెయ్యి కొలత పట్రా. అక్కకి మాత్రం ముందే చెప్పకు. మోకాలి మాటెత్తితే నా పానాతో నన్నే కొడుతుంది.”

అలా పుట్టింది గురువారం పథకం.

“ఏమోయ్, ఓసారి నీ చెయ్యి... ఇక్కడ పెట్టు.”

“ఎందుకూ?”

కామాగారికి అబద్ధం ఆడటం రాదు. ఆ వారం ప్రెస్సులో దిద్దుతున్న పుస్తకం గుర్తొచ్చింది. “హస్తసాముద్రికం... నేర్చుకుంటున్నాను.”

“ముప్పై ఏళ్ళుగా ఈ చేతి వంట తింటూ ఇప్పుడా గీతలు చూడ్డం!” అని నవ్వుతూనే ఆవిడ చెయ్యి పెట్టింది. గీత పూర్తయింది. ఎంత గట్టిగా పట్టగలదో కూడా చూడమన్నాడు బామ్మర్ది.

“నా రెండు వేళ్ళూ గట్టిగా నొక్కు.”

“ఇదేం చెబుతుంది?”

“ఆయుష్షు.”

“ఎవరిది?” అంటూ నొక్కింది. కామాగారి కళ్ళముందు చుక్కలు మెరిశాయి.

సరిగ్గా అప్పుడే పక్కింటి టైలరమ్మ గోడమీంచి తొంగిచూసింది. “అన్నయ్యగారు చెయ్యి చూస్తారా! చెప్పనేలేదే!” పావుగంటలో వరండా నిండింది. కాదంటే భార్యకు గుట్టు తెలిసిపోతుంది. అందుకని కామాగారు వచ్చిన చేతినల్లా కాగితం మీద పెట్టించి గీస్తూ పోయారు. పుస్తకంలో విషయం ఒక్కటీ గుర్తులేదు, దిద్దిన తప్పులే గుర్తున్నాయి. “మీ ఆయుర్దాయంలో... ఒక దీర్ఘం పోయింది” అనేసరికి ఇన్సూరెన్స్ ఏజెంటు ముఖం పాలిపోయింది.

తర్వాత పోస్ట్‌మాన్ చెయ్యి చాపాడు. కుదురులేని మనిషి. “చూడు, ఇవాళ నువ్వు కదిలావంటే...” అని కామాగారు అలవాటుగా ఆగి పెన్సిలు చెక్కుకోవడం మొదలుపెట్టారు. “గీత వంకరపోతుంది” అన్న మిగతా సగం వినే స్థితిలో లేడు పోస్ట్‌మాన్. సంచీ గుండెకు హత్తుకుని అరుగు మీద చతికిలబడ్డాడు.

“బాబూ, గీత గురించయ్యా నేనన్నది!”

“నాకు తెలుసండీ, గీత బాలేదనేగా! నేనిక్కణ్ణించి కదిలితే ఒట్టు!”

ఉత్తరాలు కదలకపోవడంతో నాలుగు వీధులవాళ్ళూ ఉత్తరాల కోసం ఇక్కడికే వచ్చారు. వచ్చినవాళ్ళు ఊరికే పోతారా, చేతులు చాపారు.

అందరికన్నా చివర ఇంట్లోంచి కామాగారి తల్లి వచ్చింది. ఆడపిల్లల బడిలో డ్రిల్లు టీచరుగా చేసిన మనిషి. డెబ్భై దాటినా నిలువెత్తు విగ్రహం. కోడలి బండంటే ఆవిడకు మొదట్నుంచీ గిట్టదు. “మూడు చక్రాలేమిటే, నాలుగోది ఎవరు కాజేశారు?” అని పదేళ్ళుగా సాధిస్తూనే ఉంది.

“నాదీ గియ్యరా. నేను చెయ్యగలిగిన పని ఇంకేమైనా మిగిలిందేమో చూడు” అంది.

ప్రెస్సు వేళ మించిపోయింది. భార్య కాగితం గుర్తుండాలని ‘అర్ధాంగి’కి ‘అ’ అని మూల ముందే రాసుకున్నారు. ఆ కుప్పలోంచి ‘అ’ ఉన్న కాగితం చటుక్కున లాక్కుని పరుగెత్తారు. ‘అమ్మ’కు కూడా అదే అక్షరం వేసిన సంగతి, ఇరవై ఏళ్ళుగా ఇతరుల తప్పులు పట్టిన ఆ కంటికి ఆనలేదు.

సర్వీసింగని చెప్పి బండిని తీసుకెళ్ళిన బామ్మర్ది ఆదివారం ఉదయం తెచ్చి గుమ్మం ముందు నిలబెట్టాడు. “అక్కా, ఇక నీ కాలు హాయిగా చాపుకో. మూడు చక్రాలూ ఈ లివరు మాటే వింటాయి.”

ఆవిడ లివరు కేసి చూసింది. మొగుడి కేసి చూసింది. “దీనికోసమా ఆ జాతకాలన్నీ?” అంది. కొంగుతో కళ్ళు ఒత్తుకుని బండెక్కి, చెయ్యి చాపింది. వేలి కొసలకూ లివరుకూ మధ్య అంగుళమున్నర ఖాళీ మిగిలింది.

“కొలత ప్రకారమే చేశానే!” బామ్మర్ది జేబులోంచి కాగితం తీశాడు. “అక్క వేళ్ళు ఇంత పొడుగా అని అనుకున్నాను కూడా.”

కామాగారు కాగితం చూశారు. ఆయన వేలు మూలనున్న ‘అ’ మీదికి వెళ్ళి అక్కడే ఆగిపోయింది.

“ఏదీ, జరగవే” అంటూ పెద్దావిడ కోడల్ని దింపి తనెక్కింది. నాలుగు వేళ్ళూ లివరు మీద అచ్చుగుద్దినట్టు కూర్చున్నాయి. “ఇది నా చెయ్యే!” అంది. మరుక్షణం బండి కదిలింది.

“అమ్మా! నీకు... నడపడం...”

ఆయన వాక్యం పూర్తయ్యేలోపు ఆవిడ వీధి చివరికి చేరింది. టైలరమ్మ గుమ్మం ముందు ఒకసారి, ఏజెంటు గుమ్మం ముందు ఒకసారి గీత గీసినట్టు ఆపి, తిరిగొచ్చి ఇంటిముందు నిలిపింది.

“మా బడి మోటారుసైకిలు ఎవరు నడిపేవాళ్ళనుకున్నావురా? ఈ మోకాళ్ళు పోయాకేగా మానేశాను. కాలితో పనిలేకుండా చెయ్యొచ్చని ఎవరైనా ముందే చెప్పుంటే, ఈ పదేళ్ళూ దీన్ని తిట్టుకుంటూ కూర్చునేదాన్నా?”

కోడలు ఆవిడ మోకాళ్ళ వంక చూసింది. ఆ తర్వాత మెల్లగా, “నాదీ నొప్పిగానే ఉంది అత్తయ్యా. చాలా నొప్పి” అంది. మూడు నెలల్లో ఆ మాట ఆవిడ నోట రావడం అదే మొదలు. పెద్దావిడ దిగి, కోడల్ని అదే సీటు మీద కూర్చోబెట్టి, వంగి మోకాలు నిమరసాగింది. బామ్మర్ది ఇద్దరి చేతులూ ఈసారి ఎదురుగా కొలిచాడు. లివరుకు దూరం మార్చే మర ఒకటి బిగించాడు. అటు తిప్పితే అత్తగారికి, ఇటు తిప్పితే కోడలికి.

ఇప్పుడు కామాగారిని ప్రెస్సు దగ్గర ఒకరోజు భార్య, ఒకరోజు తల్లి దింపాలని ఏర్పాటైంది. తల్లి వంతు వచ్చిన రోజున ఆయన అరగంట ముందే లేచి నడిచి వెళ్ళిపోతున్నారు.