లేని పన్నుకు ధ్రువపత్రం

ఈ ఏటి జూనియర్ రగ్బీ పోటీల్లో పదిహేనేళ్లు దాటిన ఆటగాడు ఒక్కడైనా లేడని సమాఖ్య సగర్వంగా ప్రకటించింది. ఆ ఘనతంతా పళ్ల డాక్టరుగారిదే.

కాగితాల మీద పుట్టినరోజులు ఏటేటా ముందుకు జరుగుతూ ఉండటంతో, సమాఖ్య ఒక శాస్త్రీయమైన నిబంధన తెచ్చింది: జ్ఞానదంతం ఉన్నవాడు బాలుడు కాడు. నోళ్లు తెరిపించి చూసే బాధ్యతను డాక్టరుగారికి అప్పగించింది. ఆయన నిక్కచ్చి మనిషి. దవడ చివర టార్చి వేసి చూస్తారు. ఉంటే ఉందంటారు, లేకపోతే లేదంటారు. అబద్ధపు ధ్రువపత్రం మీద ఆయన సంతకం పడి ఎరగదు.

ఉదయం పూట ఆ బాలురే ఆయన క్లినిక్‌కు వచ్చి జ్ఞానదంతాలు పీకించుకునేవారు. రోగి కోరిన పన్ను తీయడం వైద్యధర్మం. సాయంత్రం మైదానంలో లేని పన్నును లేదనడం సత్యధర్మం. రెండు ధర్మాలకూ నడుమ భోజన విరామం ఉండేది కనుక, అవి ఒకదానికొకటి ఎదురుపడేవి కావు. తన అంతరాత్మను ఆయన తరచుగా ప్రశ్నించుకునేవారు. అది కూడా నోట్లో దూది పెట్టుకున్నట్టే ఉండేది.

ప్రారంభోత్సవంలో సమాఖ్య అధ్యక్షుడు గద్గదస్వరంతో ప్రసంగించాడు. "ఈ పసిమొగ్గల వినయం చూడండి! నేను పేరుపేరునా పలకరించాను. ఒక్కడంటే ఒక్కడు నోరు తెరిస్తే ఒట్టు! ఈ కాలం పిల్లల్లో ఇంత క్రమశిక్షణ ఎక్కడుంది?" పసిమొగ్గలు దూది కొరుక్కుంటూ తలలు వంచుకున్నారు. పొద్దున్నే గీసిన గడ్డాలు ఎండకు నిగనిగలాడాయి.

మొదటి ఆటలో రెండు జట్లూ భుజాలు కలిపి స్క్రమ్‌లో తోసుకుంటుండగా, గట్టుమీది నుంచి ఒక పాప "నాన్నా!" అని కేకేసింది. స్క్రమ్‌లో సగం తలలు పైకి లేచాయి. బాలురకు కుటుంబంపై గల అనురాగాన్ని వ్యాఖ్యాత వేనోళ్ల కొనియాడాడు.

అంతా సవ్యంగా సాగుతుండగా, మరుసటి ఆటకు ముందు డాక్టరుగారి కొడుకు బూట్లు చేతపట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. వాడికి పద్నాలుగేళ్లు. నిజంగానే.

"నాన్నా! మా జట్టులో ఒకాయనకి ఆఫీసులో సెలవు దొరకలేదంట. ఆయన బదులు నన్ను ఆడమన్నారు!"

"ఎవరి మీదరా?"

"బీరువా జట్టు మీద."

ఆ జట్టులోని భారీకాయుణ్ణి అందరూ బీరువా అనే పిలిచేవారు. వాడి పన్ను పీకింది డాక్టరుగారే. ఆ ఊపుకు కుర్చీ నేల నుంచి ఊడింది గాని పన్ను ఊడలేదు; దానికి మరో గంట పట్టింది. ఆ బీరువా వచ్చి మీద పడితే తన కొడుకులో ఏమి మిగులుతుంది? జీవితంలో తొలిసారిగా ఆయనకు ఒక అబద్ధం అవసరమైంది. కాని చేతగాలేదు. అందుకని నిజమే చెబుదామని సమాఖ్య కార్యదర్శి దగ్గరికి వెళ్లారు.

"ఆ బీరువా బాలుడు కాదండీ. వాడి జ్ఞానదంతం పొద్దున నేనే పీకాను."

"మీరు పీకారు కాబట్టి లేదు. లేదు కాబట్టి బాలుడు. ఇందులో మీ ఫిర్యాదేంటి డాక్టరుగారూ?" అన్నాడు కార్యదర్శి. "ఏదీ, మీవాణ్ణి నోరు తెరవమనండి. తండ్రే పరీక్షించాడంటే రేపు నలుగురూ నవ్వుతారు."

టార్చి వేసి ఇటు చూశాడు, అటు చూశాడు. కార్యదర్శి ముఖం నల్లబడింది.

"ఇదేంటండీ? ఇక్కడ అందరికీ గుంట ఉంది, కుట్టు ఉంది. మీవాడి చిగుళ్లు నున్నగా ఉన్నాయి! ఇన్నేళ్లలో ఇలాంటి నోరు నేను చూడలేదు. ఇందులో ఏదో మోసం ఉంది."

వయసు విషయంలో తీవ్ర అనుమానాలకు తావిచ్చినందుకు ఆ కుర్రవాణ్ణి పోటీల నుంచి బహిష్కరించారు.

ఒక్క మాటతో డాక్టరుగారు దాన్ని ఖండించగలరు. మైదానంలోకి చూశారు. బీరువా ఒళ్లు వేడెక్కడానికి గోల్‌స్తంభాన్ని భుజంతో కుదుపుతున్నాడు. ఆయన ఆ మాటను మింగేసి, నిర్ణయం కింద సంతకం చేశారు.

గట్టుమీద కూర్చున్నాక కూడా కుర్రవాడికి వెక్కిళ్లు ఆగలేదు.

"మరి జూనియర్స్‌లో నేనెప్పుడు ఆడతాను నాన్నా?"

"పెద్దయ్యాక ఆడుదువుగానిలే, ఊరుకో."

చుట్టూ కూర్చున్న తండ్రుల్లో ఎవరూ నవ్వలేదు. ఒకాయన మాత్రం ఒళ్లోని పసివాణ్ణి సర్దుకుంటూ ముందుకు వంగి, వీడు పెద్దయ్యాక ఆడే జూనియర్స్ జట్టులో చోటు ఇప్పుడే రాయించుకోవచ్చా అని అడిగాడు.