అమెరికా రైలూ, నర్సింగ్ బొటనవేలూ

ఈ లోకంలో మనిషిని సరిగ్గా గుర్తుపట్టేది ఒక్కటే. అది మా క్యాంపు గేటు పక్కన గోడకు తగిలించిన, హాజరు వేసే పంచ్ మెషిన్.

మీరు నవ్వుతారని తెలుసు. పొద్దున్నే నిద్రకళ్లతో లైనులో నిలబడి, దానికి బొటనవేలు చూపించి, అది 'ప్లీజ్ ట్రై ఎగైన్' అంటే వేలు ప్యాంటుకు తుడుచుకుని మళ్లీ చూపించే మీ బాధ నాకు తెలియంది కాదు. కానీ న్యాయంగా ఆలోచించండి. మీ సూపర్‌వైజర్ ఇన్నాళ్లయినా మీ పేరు సరిగ్గా పలికాడా? మెషిన్ అలా కాదు. వేలు పెట్టగానే థాంక్యూ అంటుంది. ఒమన్‌కు వచ్చాక మీకు రోజుకు రెండుసార్లు థాంక్యూ చెప్పినవాళ్లు ఇంకెవరున్నారు?

నా పేరు ఖాదర్‌వలి. మాది ప్రొద్దుటూరు. బురైమి అవతల ఎడారిలో రైలు పట్టాలు వేసే ఒక కంపెనీకి టైమ్‌కీపర్ని. అంటే ఆ మెషిన్‌కు సేవకుణ్ణి. దాని దుమ్ము తుడిచేదీ నేనే, అది చెప్పింది మస్కట్‌లోని హెడ్డాఫీసుకు పంపేదీ నేనే.

కూలీలకు కొత్త మెషిన్లంటే గౌరవం కలగాలని మా క్యాంపు మేనేజర్ రఘుపతి గారు నాకు ఇంకో డ్యూటీ కూడా వేశారు. వారానికోసారి, బస్సెక్కే ముందు, వాళ్లకు హుషారు పుట్టేలా నాలుగు మాటలు చెప్పాలి. నేను ఫోన్‌లో ఒక వీడియో సగం చూసి, అమెరికాను ఎంచుకున్నాను.

"అమెరికాలో ఉత్తరాదివాళ్లూ దక్షిణాదివాళ్లూ కొట్టుకున్నారు. ఆ యుద్ధం అయిపోయాక ఏం చేశారు? ఏడుస్తూ కూర్చున్నారా? పట్టాలు వేశారు," అని మొదలుపెట్టాను. ఈ సముద్రం నుంచి ఆ సముద్రం దాకా పట్టాలు. వాటి పక్కనే టెలిగ్రాఫ్ తీగ. చవగ్గా ఉక్కు తీసే పద్ధతి. ఐసు నింపిన రైలుపెట్టెలు వచ్చాయి, ఒక ఊళ్లో కోసిన మాంసం దేశానికి ఆ చివర కూరైంది. ఊరికో టైము నడిచే దేశంలో రైలు కోసం గడియారాలన్నీ ముళ్లు సర్దుకున్నాయి. కాగితం మీద బొమ్మ చూసి డబ్బు పంపితే పల్లెటూరికి కుట్టుమిషన్ నడిచొచ్చింది. "మీరు వేసేవి కూడా పట్టాలే," అని ముగించాను.

అందరూ చప్పట్లు కొట్టారు. బస్సు హారన్ మోగింది కాబట్టి కొట్టారని గిట్టనివాళ్లు అన్నారు.

స్లీపర్లు పరిచే గ్యాంగ్‌కు నర్సయ్య పెద్ద. జగిత్యాల దిక్కు మనిషి. బస్సెక్కబోతూ ఆగి అడిగాడు: "ఖాదర్‌భాయ్, అప్పట్ల రైలు డబ్బకు డబ్బ ఎట్ల తగిలిస్తుండె?"

"దానికీ ఏదో మెషిన్ ఉండే ఉంటుంది," అన్నాను.

సాయంత్రం వీడియోలో మిగతా సగం చూశాను. చూడకుండా ఉండాల్సింది. మొదట్లో మెషిన్ లేదట. మనిషే రెండు డబ్బాల మధ్య నిలబడి, వెనక డబ్బా వచ్చి తగిలే సమయానికి ఇనప లంకెను చేత్తో సరిచేసి, మేకు దించాలట. చెయ్యి తీయడం కాస్త ఆలస్యమైతే వేళ్లు అక్కడే. కొత్తగా పనికొచ్చినవాడికి వేళ్లు తక్కువుంటే, అనుభవం ఉందని సంతోషించేవారట. ఆ తర్వాత చెయ్యి పెట్టే పని లేకుండా, దానంతటదే తగులుకునే కొక్కెం ఒకాయన తయారుచేశాడు. మరి మాంసం చెడిపోకుండా కాపాడే పెట్టెల్ని కొన్నంత చురుగ్గా దాన్ని కొన్నారా? లేదు. అన్ని రైళ్లకూ అది పెట్టి తీరాలని చట్టం రావడానికే ఇరవై ఏళ్లు పట్టింది.

ఈ భాగంలో హుషారు పుట్టించేదేమీ కనబడలేదు. అందుకని నా ప్రసంగంలో చేర్చలేదు.

ఇక మా సైట్ సంగతి. స్లీపర్ అంటే పట్టాల కింద అడ్డంగా పరిచే కాంక్రీటు దిమ్మ. క్రేన్ దాన్ని బెల్టుకు కట్టి దించుతుంది. కింద మనుషులు దాన్ని చేతుల్తో పట్టి, సరైన చోట కూర్చోబెడతారు. చెయ్యి తగలకుండా దిమ్మను రెండు పక్కలా పట్టుకుని దించే ఇనప క్లాంపు ఒకటుంది. అది కావాలని నర్సయ్య ఎండాకాలానికి ముందే అడిగాడు. మస్కట్ నుంచి రావాలన్నారు. మంచి వస్తువులన్నీ దూరం నుంచే వస్తాయి కదా.

ఒకరోజు పెద్దగాలికి స్లీపర్ ఊగింది. నర్సింగ్ కుడి బొటనవేలు దాని కింద పడింది.

నర్సింగ్ నర్సయ్య గ్యాంగ్‌లోవాడే, కామారెడ్డి పక్క మనిషి. నెమ్మదస్తుడు. ఆసుపత్రికి తీసుకుపోతుంటే కూడా, బస్సు సీటుకు నెత్తురంటుతుందని చెయ్యి కిటికీలోంచి బయట పెట్టుకున్నాడు. వేలు నిలుస్తుందని డాక్టరు చెప్పారు. చివర చర్మం మాత్రం పోయింది, ముద్ర మునుపటిలా రాదు.

రఘుపతి గారు దయగలవారు. నర్సింగ్‌కు లైట్ డ్యూటీ ఇచ్చారు. సైట్‌లో టిప్పర్లకు ఎడమచేత్తో జెండా ఊపాలి. మర్నాటి నుంచి అతను వచ్చాడు, ఊపాడు, వెళ్లాడు. కట్టు కట్టిన వేలిని మెషిన్‌కు చూపించాడు. అది ప్లీజ్ ట్రై ఎగైన్ అంది. అతను ట్రై చేస్తూనే ఉన్నాడు.

రెండ్రోజుల తర్వాత మెస్‌లో నేనూ నర్సయ్యా నర్సింగూ ఒకే బల్ల దగ్గర తింటున్నాం. నర్సయ్య ఫోన్ మోగింది. హెడ్డాఫీసు నుంచి ఇంగ్లీషు మెసేజ్. చదివి పెట్టమని నాకిచ్చాడు. నేను చదివి, తెలుగులో చెప్పాను.

నర్సయ్య ముద్ద పక్కన పెట్టి, నర్సింగ్ వైపు చూశాడు. "నువ్వు పారిపోయినవంటరా."

"ఎప్పుడు?"

"మొన్నట్నుంచేనంట. కనవడితె చెప్పుమంటున్నరు."

నర్సింగ్ ముందు నవ్వాడు. తర్వాత నవ్వలేదు. గల్ఫ్‌లో ఆ మాటకు అర్థం మీకు తెలుసు. కంపెనీ దగ్గర ఉన్నంతసేపు అది మెసేజ్. సర్కారు ఆఫీసుకు చేరితే కేసు. ఇంటికి పంపేస్తారు, మళ్లీ ఈ దేశంలో అడుగు పెట్టనివ్వరు. అతను పళ్లెం దూరం జరిపి, కట్టు కట్టిన వేలి వైపే చూస్తూ కూర్చున్నాడు.

"నా వేలు గుర్తువట్టకపోతే నేను లేనట్టేనా, భాయ్?" అన్నాడు.

మెషిన్ తరఫున నేనేం చెప్పగలను? అతన్ని లేపి, రఘుపతి గారి దగ్గరికి తీసుకెళ్లాను. నర్సయ్య కూడా వచ్చాడు.

రఘుపతి గారు కంప్యూటర్ చూశారు, నర్సింగ్‌ని చూశారు, మళ్లీ కంప్యూటర్ చూశారు. "సిస్టమ్‌లో నువ్వు లేవయ్యా," అన్నారు బాధగా.

"ఈడ్నే ఉన్న గద సార్."

"నాకు కనబడుతున్నావు. కానీ నేను చూసింది మస్కట్‌లో చెల్లదు."

ఫోన్ చేశారు. అవతల ఎవరో చాలాసేపు మాట్లాడారు. చివరికి పారిపోయాడన్న మెసేజ్ రద్దు చేయడానికి ఒప్పుకున్నారు, నర్సింగ్‌ది ఇంకో వేలి ముద్ర మెషిన్‌లో ఎక్కించమన్నారు. నర్సింగ్ ఊపిరి పీల్చుకుని, తలుపు దగ్గర ఆగాడు. "సార్, రేపు ఈ వేలు గూడ నలిగితే ఎట్ల?"

అతను క్లాంపు గురించి అడుగుతున్నాడని నాకు అర్థమైంది. రఘుపతి గారికి వేరేలా అర్థమైంది. "మంచి పాయింట్," అని రాసుకున్నారు.

అభివృద్ధి అంటే చురుకుదనం. మర్నాటికల్లా మస్కట్ నుంచి మెయిల్ వచ్చింది. వేలు నలగడం వల్ల హాజరుకు అంతరాయం కలుగుతోంది కాబట్టి, ఇకపై ప్రతి కార్మికుడి పది వేళ్లూ మెషిన్‌లో ఎక్కించాలి. ఒకటి పాడైతే ఇంకొకటి ఉంటుంది. నా అభిమాన యంత్రం మీద ఇంత నమ్మకం పెట్టిన హెడ్డాఫీసును చూసి నా గుండె నిండిపోయింది. శుక్రవారం సెలవు కూడా లెక్కచేయకుండా అందర్నీ లైనులో నిలబెట్టి, చిటికెన వేలు దాకా ఎక్కించాను. మెషిన్‌కు థాంక్యూ అని అని గొంతు బొంగురుపోయిందేమో అనిపించింది. నర్సింగ్ కట్టు విప్పి మరీ బొటనవేలు చూపించాడు. అది తీసుకోలేదు. తొమ్మిదితో సర్దుకున్నాం.

శనివారం సైట్‌లో క్రేన్ మొదటి స్లీపర్‌ని దించింది. అది మనిషి నడుమెత్తున గాల్లో ఆగింది. గ్యాంగ్ అంతా చుట్టూ నిలబడ్డారు, చేతులు వెనక్కి పెట్టుకుని. ఎవరూ ముట్టుకోలేదు. క్రేన్ డ్రైవర్ హారన్ కొట్టాడు. రఘుపతి గారు కారు దిగి పరుగెత్తుకొచ్చారు.

"ఏంటి నర్సయ్యా, పట్టుకోండి."

"ఎట్ల వట్టుకోవాలె సార్?" అన్నాడు నర్సయ్య చాలా మర్యాదగా. "నిన్నటిదాంక ఇవి మా వేళ్లే. ఇప్పుడు పదికి పది కంపెనీ సిస్టమ్‌ల ఉన్నయ్. ఒక్కటి ఖరాబైతె హాజరుకు అంతరాయం. కంపెనీకి నష్టం చేసినోళ్లమైతం గద."

రఘుపతి గారు నా వైపు చూశారు. మెయిల్ కాగితం నా జేబులోనే ఉంది. విప్పి చూపించాను. నర్సయ్య చెప్పింది అక్షరాలా నిజం. ఆయన స్లీపర్ వైపు చూశారు. అది గాలికి మెల్లగా ఊగుతోంది. గ్యాంగ్ ఒక అడుగు వెనక్కి జరిగింది. దూరంగా నర్సింగ్ జెండా దించి ఇటే చూస్తున్నాడు.

రఘుపతి గారు ఫోన్ తీసి, కారు వెనక్కి వెళ్లి మాట్లాడారు. ఈసారి అవతలివాళ్ల కంటే ఆయనే ఎక్కువ మాట్లాడారు. ఆ రోజు పట్టాలు ఒక్క అడుగు ముందుకు పోలేదు.

పంచ్ మెషిన్ వల్ల ఏం ఉపయోగమని ఇంకా అడుగుతారా? అది మా వేళ్లను లెక్కపెట్టబట్టే కదా, వాటికి విలువ ఉందని కంపెనీకి తెలిసింది. ఆదివారం పొద్దున బస్సుకంటే ముందే క్లాంపు సైట్‌కు వచ్చింది.

మస్కట్ నుంచి కాదు. ఇక్కడికి రెండు గంటల దారిలో, ఇబ్రిలో ఉన్న మా సొంత స్టోరు నుంచి. చెక్కపెట్టె మీద దుమ్ము ఎంత మందంగా ఉందంటే, లోపల ఏముందో చదవడానికి కూడా తుడవాల్సి వచ్చింది. నర్సింగ్ ముందుకొచ్చి, ఎడమచేత్తో తుడిచాడు.