మాచర్ల జట్టుకి లైసెన్సు వచ్చింది

ఫుట్‌బాల్ బాగుపడాలంటే ముందు జనం ఆడటం మానాలి! నవ్వకండి. ఎనభై నాలుగులో పల్నాడు క్లబ్బులన్నిటినీ మూడు డివిజన్లుగా విడదీసి, లైసెన్సు లేని జట్టు లీగులో కాలు పెట్టకూడదని శాసించిన ఫుట్‌బాల్ సంఘం పెద్దలకి ఈ సంగతి ముందే తెలుసు.

మాచర్ల నాపరాయి క్వారీలో పలకలు చెక్కే జమాల్‌కి మాత్రం తెలియదు. క్వారీ జట్టుకి అతనే కెప్టెన్. వెల్దుర్తి చేతిలో వరసగా రెండేళ్లు ఓడాడు. ఈ ఏడు వాళ్లని ఓడించాలన్నదే అతని ధ్యాసంతా.

లైసెన్సు రూల్సు చూశాడు. గ్రౌండు చుట్టూ ప్రహరీ, జట్టుకో డ్రెస్సింగు రూము, రెఫరీకి విశ్రాంతి గది, సెక్రటరీకి ఆఫీసు, పెద్దమనుషులకి గ్యాలరీ. మరి సెక్రటరీకి ఆఫీసు లేకుండా గోలు ఎలా పడుతుంది, మీరే చెప్పండి?

వేరే ఊరివాళ్లయితే నాలుగు తడికలు కట్టి, తనిఖీ కాగానే పీకేసేవారు. వీళ్లు రాయి పనివాళ్లాయె. తడిక కడితే పరువు పోదూ? నెల రోజులు పని దిగాక నాపరాళ్లు పాతి, గచ్చు చేసి, వందేళ్లకి కూడా కదలకుండా కట్టారు. గ్రౌండు పక్కనే పిచ్చయ్య మిరపచేను. ఆయన జానెడు జాగా ఇవ్వనన్నాడు. దాంతో గదులన్నీ గ్రౌండులోకే జరిగాయి.

ఇన్‌స్పెక్టరు గారొచ్చి, రెఫరీ గదిలో చల్లగా కునుకు తీసి, ఫస్ట్ డివిజన్ లైసెన్సు రాసిచ్చారు.

ఆయన బస్సెక్కాక గోల్‌కీపరు కొండలు ఈ గోలు నుంచి ఆ గోలుకి అడుగులేశాడు. ఇరవై రెండు.

"మరి ఆడేది యాడ జమాలన్నా?"

జమాల్ రూల్సు మళ్లీ మొదటి నుంచి చదివాడు.

"వాళ్లడిగినయ్యన్నీ కట్టాం గదరా. ఆడే జాగా ఎంతుండాలో ఏడా రాయలా."

వెల్దుర్తి వాళ్లకి గదులూ లేవు, లైసెన్సూ లేదు. ఆదివారం కోత కోసిన జొన్నచేలో ఎవరితోనో ఆడుకుంటున్నారు. లైసెన్సున్న జట్టు లేని జట్టుతో ఆడితే లైసెన్సు రద్దు. అది చిట్టచివరి రూలు. అందుకని జమాల్ ఊరికే చూడటానికి వెళ్లాడు. చూస్తుంటే ఏడుపొచ్చినంత పనైంది.

ఇంతలో బంతి గీత దాటి దొర్లుకుంటూ వచ్చి అతని పాదాల ముందు ఆగింది.

ఫస్ట్ డివిజన్ కెప్టెన్ వంగి, దాన్ని రెండు చేతులతో తీసి, మర్యాదగా అందించాడు. కాలు మాత్రం తగలనివ్వలేదు.