డాబా మీది దండెం

ఊరంతా ఆమెను వానమ్మ అంటారు. రైతులకు రోజూ పొద్దున్నే ఫోన్లో వాతావరణ సమాచారం పంపడం ఆమె ఉద్యోగం. రెండేళ్లుగా వేళ్లు అరిగేలా పంపుతున్నా, చదివినట్టు ఒక్కరూ కనబడరు. ఆ రోజు పదింటికి పై అధికారి వస్తున్నాడు. ఆ సమాచారం ఎవరికీ పనికి రావడం లేదని తేలితే ఊళ్లోని వాతావరణ కేంద్రం మూత, ఆమెకు దూరానికి బదిలీ. ఇంటి కింది గదిలో కుట్టుమిషన్ పెట్టుకుని ఇప్పుడిప్పుడే నిలదొక్కుకుంటున్న మొగుణ్ణి వదిలి పోవాలి.

"నాలుగు రోజులు ఎండే. మొక్కజొన్న ఆరబెట్టుకోండి" అని ఆరింటికి మెసేజ్ పంపి, రైతుల మీటింగుకు ఇంటి ముందు నలభై కుర్చీలు వేయించింది.

దర్జీ మొగుడు తనూ ఓ చెయ్యి వేద్దామనుకున్నాడు. బట్టలు ఎప్పట్లా డాబా మీది దండెంపై ఆరేస్తే పై అధికారికి ముందు కనబడేది తన చిల్లుల బనియన్లే. అందుకని అన్నీ ఇంట్లోనే తాడు కట్టి ఆరేశాడు.

అధికారి వచ్చాడు. కుర్చీలున్నాయి గానీ మనుషుల్లేరు.

"మీ రైతులేరమ్మా?"

"వస్తారు సార్" అంది, దారివైపు చూస్తూ.

ఎంతకీ రాకపోతే చేలవైపు నడిచారు. వెనకాలే దర్జీ. తీరా చూస్తే ఊరంతా కళ్లాల్లోనే ఉంది. మాడ్చే ఎండలో చెమటలు కక్కుతూ మొక్కజొన్న మీద పట్టాలు కప్పుతున్నారు. పొరుగూరికీ కబురు వెళ్లిందట, అక్కడా కప్పుతున్నారట.

"ఎండ అని చెప్పాను కదయ్యా. వాన అని ఎవరన్నారు?" ఆమెకు ఏడుపొక్కటే తక్కువ.

"మీ దండెం" అన్నాడు పెద్దరైతు తాపీగా. "మెసేజ్ రోజూ చూస్తామమ్మా. కానీ చెప్పినవాళ్లు నమ్ముతున్నారో లేదో కూడా చూడాలిగా. మీ ఇంట్లో బట్టలు బయట ఆరేస్తేనే మేం కళ్లంలో గింజలు పరుస్తాం. రెండేళ్లలో మీ ఆయన ఒక్కసారీ తప్పలేదు. ఇవాళ దండెం ఖాళీ."

అధికారి దర్జీ వైపు తిరిగాడు. "ఎండో వానో నీకెలా తెలుస్తుందయ్యా?"

"ఆవిడ మెసేజ్ చూసే సార్. అది చదవందే బకెట్ ముట్టుకోను. ఇవాళంటే... బనియన్లు బాగాలేక."

కళ్లంలో నవ్వులు. వానమ్మ మాత్రం నవ్వలేదు. నా మాట ఎవరూ చదవరని ఈ మనిషి దగ్గరే ఎన్నిసార్లు ఏడ్చిందో. గుండీలు కుడుతూ విన్నాడే తప్ప తను రోజూ చదువుతానని చెప్పలేదు.

"చెప్పొచ్చుగా" అంది.

"మొగుడు చదివితే లెక్కలోకి వస్తుందా అని..."

తిట్టాలో మురిసిపోవాలో తెలియక, అతని చొక్కాకు అంటిన దారప్పోగు తీసింది.

పట్టాలు తీశారు. ఊరు ఊరంతా సమాచారం వాడుకుంటోందని, కేంద్రం ఉండాల్సిందేనని అధికారి రాసుకున్నాడు. కారెక్కబోతూ ఆగి, రేపు ప్రయాణానికి గొడుగు కావాలా అని అడిగాడు, దర్జీని.