అరగ్లాసు అడ్డసరం

చెవులు గల జనులారా, చెవులొగ్గుడు! బాలభానుడింకను వంటింటి కిటికీ ఊచలు లెక్కించుచున్న ప్రభాతవేళ, ప్రయాణికగణమార్గదర్శకుడును, బస్టాండు మైకుధరుడును, తోటివారిచే 'గొంతయ్య' బిరుదాంకితుడును, మూడు దినముల దగ్గుచే స్వరరాజ్యము కోల్పోయినవాడును అగు మహావీరుడు, అరగ్లాసు కషాయమునకు ఎదురునిలిచెను. నేడు తొమ్మిదింటికి అతడు మైకు పట్టనిచో, అట్టపెట్టెలో కాచుకొనియున్న రికార్డు యంత్రము ఆ కుర్చీ నెక్కును. ఇది మేనేజరు ఆన!

అడ్డసరపుటాకు, నేలవేము, పిప్పళ్లు, శొంఠి అను చతురంగబలమును నాలుగు గ్లాసుల నీట దింపి, అరగ్లాసుకు మరగించిన సేనాని సాక్షాత్తు అత్తగారు.

"తాగెయ్యండి అల్లుడుగారూ, అడ్డం తిరిగిన సరం దార్లోకొస్తుంది."

'ఓరీ హరితదళసంభవా! నీవు కషాయమవా, కసాయివా? రమ్ము!' అని వీరుడు మనసులోనే గర్జించి, ఒక్క చుక్క చప్పరించెను. నాలుక వెనుదిరిగి పారిపోయెను. అంతట నతడు, శత్రువును పలుచన చేయదలచి, ఎవరును చూడకుండ గిన్నెలో పోసి చెంబెడు నీళ్లు కలిపెను. హా! చేదు చెక్కుచెదరలేదు, శత్రువు మాత్రము గిన్నెడయ్యెను!

"ఏమండీ, నీళ్లు పోశారా?" అనుచు భార్య ప్రత్యక్షమయ్యెను.

వీరుడు తల అడ్డముగా ఊపెను.

"మొహం చూస్తే తెలీట్లేదా! మందంతా అందులోనే ఉంది. ఇక గిన్నెడూ తాగండి."

"పాపం, వదిలెయ్యవే," అనిరి అత్తగారు. వీరుని కన్నులు మెరిసెను. "మళ్లీ అరగ్లాసయ్యేదాకా మరగబెట్టుకోనీ. గరిట ఆయనకే ఇయ్యి."

ఘుమఘుమలకు బద్ధవిరోధియైన ఆ ఆవిరిలో, ముక్కును కన్నును ఏకధారగా ప్రవహింపజేయుచు, అతడు ముప్పావుగంట గరిటయుద్ధము సలిపెను. గడియారము ఎనిమిదిన్నర చూపెను. ఇక వెనుకడుగు లేదు! ముక్కు మూసెను, కన్ను మూసెను, మూడు గుటకలలో గ్లాసు ముగించెను!

అంతట, మూడు దినములు మూతబడిన కంఠగుహ బద్దలై —

"చక్కెరేదీ!"

మూకుళ్లు మ్రోగెను. పై వాటానుండి ఎవరో కేకవేసిరి: "ఏ బస్సండీ అది? ఏ ప్లాట్‌ఫారం?"

"గొంతొచ్చేసింది," అనిరి అత్తగారు, చక్కెర డబ్బా మూత బిగించుచు. "సాయంత్రం ఇంకో అరగ్లాసుంది."

తొమ్మిదింటికి బస్టాండు దద్దరిల్లెను. రికార్డు యంత్రము అట్టపెట్టెలోనే మూగవోయెను. జయము, జయము! వంటింటి గట్టుపై ఆ గ్లాసు బోర్లాపడియున్నది. అందొక్క చుక్కయు లేదు. సింకులో కనబడు రెండు చుక్కలు చరిత్రకు అనవసరము.